అంగం కొత్తగా వంకర తిరుగుతుంటే ఏం చెయ్యాలి, ఎవరికి చూపించుకోవాలి: పెరోనీస్ గురించి తెలుసుకోవాల్సినవన్నీ

గుంటూరు కొత్తపేటలో మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడేవాళ్ళకి ఒక రకం కస్టమర్ బాగా తెలుసు. యాభై అటూ ఇటూ వయసుంటుంది, షాపులో ఆడవాళ్ళుంటే పక్కకి జరిగి ఫోన్ చూస్తా నిలబడతాడు, అందరూ వెళ్ళాక దగ్గరకొచ్చి గొంతు తగ్గించి "కొంచెం వంకర వస్తుందండి, దానికేమన్నా నూనె ఉందా" అంటాడు. మిర్చి యార్డు వాళ్ళు, టీచర్లు, బాపట్ల నించీ సత్తెనపల్లి నించీ పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్ళు, అన్ని రకాల వాళ్ళనీ ఈ కౌంటర్ దగ్గర చూశాను. అడిగితే దాదాపు అందరిదీ ఒకటే కథ, నెలల తరబడి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నారు, ఆ లోపల ఎక్కడో డబ్బులు పోసేశారు. నేను డాక్టర్‌ని కాదు, ఎవరికీ మందు రాయను, కానీ ఈ జబ్బు గురించి యూరాలజిస్టులు రోజూ చెప్పేదీ, పుస్తకాల్లో స్థిరంగా ఉన్నదీ మన భాషలో ఒకచోట పెడితే కొంతమందికన్నా దారి దొరికిద్దని రాస్తున్నా.

ముందే ఒక మాట. దీని పేరు పెరోనీస్ వ్యాధి, దీనికి రెండు దశలుంటాయి, మీరు ఏ దశలో ఉన్నారో తెలియకుండా నూనెకి గానీ ఇంజెక్షన్‌కి గానీ ఆపరేషన్‌కి గానీ ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. ఇక్కడి నించి చెప్పేదంతా ఆ దశ ఎట్టా తెలుసుకోవాలి, తెలిశాక ఏం చెయ్యాలి అనే దాని గురించే.

అసలు లోపల ఏం జరుగుతుంది

అంగం లోపల పొడుగునా స్పాంజి లాంటి గొట్టాలు రెండు ఉంటాయి, వాటిల్లోకి రక్తం చేరితేనే అంగం గట్టిపడిద్ది. ఆ గొట్టాల చుట్టూ ట్యూనికా ఆల్బుజీనియా అని ఒక గట్టి పొర ఉంటుంది, రక్తం నిండేకొద్దీ అది సాగాలి. ఆ పొరలో ఎక్కడన్నా గాయమై, అది సరిగ్గా మానకుండా మచ్చ కట్టి గట్టిపడితే దాన్ని ప్లాక్ అంటారు, వేలితో తడిమితే చిన్న బిళ్ళలాగానో గడ్డలాగానో తగిలిద్ది. సైకిల్ ట్యూబుకి పంచర్ ప్యాచ్ వేసి గాలి కొట్టండి, ట్యూబంతా ఉబ్బిద్ది గానీ ప్యాచ్ ఉన్న చోట సాగదు, ట్యూబు ఆ వైపుకే తిరిగిద్ది. ఇక్కడా అంతే, మచ్చ ఉన్న వైపుకే అంగం వంగిద్ది. ఎక్కువమందికి మచ్చ పైభాగంలో కడుతుంది కాబట్టి పొట్ట వైపుకి వంగిద్ది, కొందరికి పక్కకి, కొందరికి కిందకి, ఇంకొందరికి వంకర పెద్దగా లేకుండా మధ్యలో ఒకచోట సన్నబడి అక్కడ మడతపడుతున్నట్టు ఉంటుంది. పొడుగు కాస్త తగ్గినట్టు కూడా చాలామందికి అనిపిస్తది, అది భ్రమ కాదు, మచ్చ పట్టి లాగడం వల్ల నిజంగానే తగ్గిద్ది.

గాయం అంటే పెద్ద దెబ్బే తగలక్కర్లా. కలిసేటప్పుడు పూర్తిగా గట్టిపడకముందే ఒత్తిడి పడి వంగడం, జారి బయటకొచ్చి ఎదుటి మనిషి ఎముకకి తగలడం, ఇట్టాంటి చిన్న చిన్నవి ఏళ్ళ తరబడి జరిగితే పొరలో కంటికి కనపడని చీలికలు వస్తాయి. చాలామందికి దెబ్బ ఎప్పుడు తగిలిందో కూడా గుర్తుండదు. మరి ఇవి అందరికీ జరిగేవే కదా, కొందరికే ఎందుకు వస్తుందంటే, కొందరి ఒంటి తత్వమే గాయం మానేటప్పుడు మచ్చ ఎక్కువ కట్టే రకం. అరచేతిలో గట్టి తాడులాగా కట్టి వేళ్ళు లోపలికి ముడుచుకుపోయే డూపుట్రెన్స్ అనే సమస్య ఉన్నవాళ్ళలో పెరోనీస్ ఎక్కువగా కనిపిస్తది, అరికాల్లో గడ్డలు కట్టే ఇంకో రకం కూడా ఈ కుటుంబంలోదే. ఒకసారి చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి చూడండి, అరచెయ్యీ వేళ్ళూ మొత్తం బల్లకి ఆనాలి, ఏ వేలన్నా ఆనకుండా పైకి లేచి ఉంటే ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. షుగర్, బీపీ, సిగరెట్, ప్రోస్టేట్ తీసేసిన ఆపరేషన్, ఇవన్నీ కూడా అవకాశాన్ని పెంచేవే. ఎక్కువగా నలభై ఐదు దాటాకే వస్తుంది, అట్టాగని ముప్పైల్లో రాదని కాదు.

ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. సుఖవ్యాధి కాదు, భార్యకి అంటుకోదు. నరాల బలహీనత కాదు. వయసులో ఉన్నప్పుడు చేసిన హస్తప్రయోగానికి ఇప్పుడు పడుతున్న శిక్ష అంతకన్నా కాదు, ఈ ఒక్క భయం పెట్టే ఎంతమంది దగ్గర ఎంత డబ్బు గుంజుతున్నారో చూస్తుంటే కడుపు మండిపోయిద్ది.

ఇంకో సంగతి, పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళు కూడా చాలామంది కంగారుపడతా అడుగుతుంటారు. మీకు ఊహ తెలిసినప్పటి నించీ, వయసొచ్చినప్పటి నించీ అట్టాగే ఉంటే, గడ్డ ఏమీ తగలకపోతే, నొప్పి లేకపోతే అది పుట్టుకతో వచ్చిన వంపు, పెరోనీస్ కాదు. గీత గీసినట్టు నిటారుగా ఉండేవాళ్ళు తక్కువే, కొద్దిపాటి వంపు మామూలే. కలవడానికి అడ్డమయ్యేంత ఉంటేనే దానికి ఆపరేషన్ ఆలోచిస్తారు, లేకపోతే వదిలెయ్యడమే. కొత్తగా మొదలైందా, మారుతుందా, అది చూసుకోండి. అట్టాగే గడ్డతో పాటు చర్మం మీద మానని పుండు గానీ రక్తం గానీ చీము గానీ ఉంటే అది వేరే లెక్క, ఆ వారంలోనే డాక్టరుకి చూపించుకోండి.

రెండు దశలు

మొదటిది వేడి మీదున్న దశ. గట్టిపడినప్పుడు నొప్పి వస్తది, కొందరికి మెత్తగా ఉన్నప్పుడు కూడా, గడ్డ కొత్తగా చేతికి తగులుతుంటది, పోయిన నెలకీ ఈ నెలకీ వంకరలో తేడా కనిపిస్తది. ఇది ఆరు నెలల నించి ఏడాది దాకా, కొందరికి ఏడాదిన్నర దాకా సాగిద్ది. రెండోది స్థిరపడిన దశ. నొప్పి పోయిద్ది, వంకర ఎంతుందో అంతే ఆగిద్ది. కనీసం మూడు నెలలు ఏ మార్పూ లేకుండా ఉంటే స్థిరపడింది అంటారు.

నొప్పి తగ్గింది కదా జబ్బు పోయిందని చాలామంది అనుకుంటారు, కాదండి. నొప్పి దాదాపు అందరికీ దానంతటదే పోయిద్ది. వంకర మాత్రం ఏ వైద్యమూ లేకుండా తగ్గేది పదిమందిలో ఒకరికో ఇద్దరికో, మిగతావాళ్ళలో దాదాపు సగం మందికి ఉన్నచోటే ఆగిద్ది, సగం మందికి ఇంకా పెరిగిద్ది. అందుకే నొప్పి ఉన్న రోజుల్లోనే యూరాలజిస్టు దగ్గర పడాలి. అప్పుడు చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి, అవి తర్వాత అంతగా పనిచెయ్యవు. తర్వాత చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటిని ఇప్పుడు చేస్తే చెడిపోయిద్ది. మొదటి దశలో ఆపరేషన్ చేస్తానని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి, లోపల మచ్చ ఇంకా మారుతుంటే ఇవ్వాళ సరిచేసింది ఆరు నెలల తర్వాత మళ్ళీ వంగిద్ది.

డాక్టర్ దగ్గరకి వెళ్ళే ముందు ఇంట్లో చెయ్యాల్సినవి

ఫోటో తీసుకోవాలి. ఇబ్బందిగా ఉంటుంది, తెలుసు, కానీ డాక్టర్ ముందు మీ అంగం మామూలు స్థితిలో ఉంటుంది, అప్పుడు వంకర కనపడదు, మీరు నోటితో ఎంత చెప్పినా ఆయనకి అర్థమయ్యేది సగమే. తలుపేసుకుని, అంగం పూర్తిగా గట్టిపడ్డాక మూడు ఫోటోలు తియ్యండి, నిలబడి పై నించి ఒకటి, పక్క నించి ఒకటి, ఎదురుగా ఒకటి. పక్క ఫోటోకీ ఎదురు ఫోటోకీ ఫోన్‌ని అంగానికి సమానమైన ఎత్తులో పట్టుకోండి, వాల్చి తీస్తే వంకర తప్పుగా కనిపిస్తది. టైమర్ పెట్టి ఫోన్‌ని టేబుల్ మీద ఆనిస్తే పక్క ఫోటో బాగా వస్తుంది. ముఖం, ఇల్లు ఏవీ పడకుండా చూసుకోండి, గూగుల్ ఫోటోస్ బ్యాకప్ ముందే ఆఫ్ చేసుకోండి, ఎందుకంటే ఇంట్లో టీవీకో పిల్లల ట్యాబ్‌కో అదే అకౌంట్ ఉంటే ఫోటోలు అక్కడ కూడా వచ్చేస్తాయి. ఫోన్‌లో లాక్ ఉన్న ఫోల్డర్ ఉంటుంది, అందులో పెట్టుకోండి, వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి.

వంకర బాగా కనపడే ఫోటో మీద పిల్లల జామెట్రీ బాక్సులో ప్రొట్రాక్టర్ పెట్టి కొలవండి. మొదలు నించి వంపు వచ్చే చోటుదాకా ఒక గీత ఊహించుకోండి, వంపు నించి చివరిదాకా ఇంకో గీత, మొదటి గీత అట్టాగే తిన్నగా ముందుకి పోయినట్టయితే దానికీ రెండో గీతకీ మధ్య ఎన్ని డిగ్రీలు ఉందో అదే వంకర. ముప్పై, అరవై, తొంభై, ఈ అంకెలు బట్టే వైద్యం మారిపోయిద్ది కాబట్టి ఉజ్జాయింపుగానైనా తెలిసుండటం మంచిది. తేదీ వేసి రాసి పెట్టుకోండి, రెండు మూడు నెలలకోసారి మళ్ళీ తియ్యండి. మీరు ఏ దశలో ఉన్నారనేది చెప్పే సాక్ష్యం ఇదే, మూడు నెలల తేడాతో తీసిన ఫోటోల్లో వంకర ఒకేలా ఉంటే స్థిరపడినట్టు.

దాంతో పాటు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: ఎప్పుడు మొదలైంది, నొప్పి ఎప్పుడు వస్తది, పూర్తిగా గట్టిపడుతుందా లేక సగమేనా, కలవడం వీలవుతుందా, షుగర్ బీపీ గుండె మందులు ఏమేం వేసుకుంటున్నారు, రక్తం పల్చబడే మందులు ఏమన్నా ఉన్నాయా, ఇప్పటిదాకా ఎవరెవరి దగ్గర ఏం వాడారు. చివరిది సిగ్గుపడి దాచకండి. గదిలో కూర్చున్నాక నోరు పెగలకపోతే ఆ కాగితం చేతికిస్తే చాలు, చాలామంది అట్టాగే చేస్తారు.

ఎవరి దగ్గరకి వెళ్ళాలి

యూరాలజిస్టు. కిడ్నీ రాళ్ళకీ ప్రోస్టేట్‌కీ చూసే డాక్టరే దీనికీ చూస్తారు, బోర్డు మీద ఎంసీహెచ్ యూరాలజీ అనో డీఎన్‌బీ యూరాలజీ అనో ఉందా చూడండి. వెయిటింగ్ హాల్లో పక్కనోడు మీరు రాళ్ళకే వచ్చారనుకుంటాడు, ఆ విషయంలో భయమేం అక్కర్లేదు. బెజవాడలో సూర్యారావుపేట, గవర్నర్‌పేట వైపు, గుంటూరులో కొత్తపేట వైపు యూరాలజిస్టులు చాలామందే ఉన్నారు. డబ్బు ఇబ్బంది ఉంటే గుంటూరు జీజీహెచ్‌లో, అంటే పెద్ద ప్రభుత్వాసుపత్రిలో, యూరాలజీ విభాగం ఉంది, మంగళగిరి ఎయిమ్స్‌లో ఉంది. ఆండ్రాలజీ, అంటే మగవాళ్ళ లైంగిక సమస్యల వైద్యం మీద ప్రత్యేకంగా పనిచేసేవాళ్ళయితే ఇంకా మంచిది, "సార్, పెరోనీస్ కేసులు చూస్తారా" అని రిసెప్షన్‌లో కాకుండా డాక్టర్‌నే నేరుగా అడగండి, చూడకపోతే ఎవరికి చూపించుకోవాలో ఆయనే చెప్తారు.

ఇక బస్టాండు గోడల మీద, రైలు పెట్టెల్లో, కరెంటు స్తంభాలకి అతికించిన పోస్టర్ల సంగతి. ఫలానా తేదీ ఫలానా లాడ్జిలో గుప్తరోగాల స్పెషలిస్టు అని ఉంటది చూశారా, అట్టా మందులు అమ్ముకుంటూ ప్రకటనలు ఇవ్వడం మన దేశంలో 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందే తప్పు. ఆ చట్టం ఉన్నా పోస్టర్లు ఉన్నాయి, జాగ్రత్త మనదే. నూనె రాసి గట్టిగా మర్దనా చెయ్యమంటారు, చేత్తో వ్యతిరేక దిక్కుకి వంచమంటారు, అట్టా చేస్తే కొత్త గాయాలై మచ్చ ఇంకా పెరిగిద్ది. లోపలికి ఏదో నూనె ఎక్కిస్తామనేవాళ్ళు కూడా ఉన్నారు, అక్కడి నించి వెంటనే లేచి వచ్చెయ్యండి.

యూరాలజిస్టు దగ్గర ఏం జరుగుతుందంటే, ముందు మాట్లాడతారు, తర్వాత గ్లవుజులు వేసుకుని అంగాన్ని మెల్లగా ముందుకి సాగదీసి వేళ్ళతో తడిమి గడ్డ ఎక్కడ ఉందో ఎంత పొడుగుందో చూస్తారు, సాగదీసినప్పటి పొడుగు స్కేలుతో కొలుస్తారు, అరచేతులు కూడా చూస్తారు. రెండు నిమిషాల పని, నొప్పేం ఉండదు. షుగర్ టెస్ట్ రాస్తారు. ఇంజెక్షన్లో ఆపరేషనో ఆలోచిస్తుంటే డాప్లర్ స్కాన్ చేస్తారు, చిన్న సూదితో మందిచ్చి అంగం గట్టిపడేలా చేసి, రక్తం ఎట్టా వస్తుంది ఎట్టా ఆగుతుంది, వంకర ఖచ్చితంగా ఎంత, గడ్డలో సున్నం పేరుకుందా అన్నీ చూస్తారు. ఆ సూది తర్వాత ఇంటికొచ్చినా నాలుగు గంటలు దాటినా అంగం గట్టిగానే ఉండిపోతే అర్ధరాత్రయినా సరే హాస్పిటల్‌కి పోవాలి, ఆలస్యం చేస్తే లోపలి కండ శాశ్వతంగా పాడైపోయిద్ది. ఎమ్మారై గట్రా మామూలుగా అక్కర్లేదు.

మందులు, ఇంజెక్షన్లు

కౌంటర్ దగ్గర ఎక్కువమంది అడిగేది విటమిన్ ఈ, ఎవియన్ 400 స్ట్రిప్. ఏళ్ళ తరబడి డాక్టర్లు కూడా రాశారు, చవక, పెద్ద హాని లేదు, కానీ వంకర తగ్గిస్తుందని పరీక్షల్లో తేలలేదు. అమెరికన్ యూరాలజీ వాళ్ళు 2015లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో విటమిన్ ఈ, టమాక్సిఫెన్, ఒమేగా-3 మాత్రలు దీనికి ఇవ్వొద్దనే చెప్పారు. పెంటాక్సిఫిలిన్ అనే మాత్ర మొదటి దశలో కొందరు డాక్టర్లు రాస్తారు, ఆధారం బలమైనది కాదు, డాక్టర్ చూసి రాస్తే వాడండి, మీ అంతట మీరు కొనకండి. నొప్పికి మామూలు నొప్పి మాత్రలే ఇస్తారు. అంగం సరిగ్గా గట్టిపడకపోతే టడలాఫిల్ లాంటివి ఇస్తారు, గట్టిదనం సరిగ్గా ఉంటే కలిసేటప్పుడు వంగి కొత్త గాయాలు అవ్వడం కూడా తగ్గిద్ది. కానీ గుండెకి సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ళు, నికోరాండిల్ వాడేవాళ్ళు టడలాఫిల్, సిల్డెనాఫిల్ రెండూ ముట్టుకోకూడదు, బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకి వచ్చిద్ది. చీటీ లేకుండా వచ్చి అడిగేవాళ్ళకి మేం ఇవ్వం అనేది ఇందుకే.

షాక్ వేవ్ అని ఒక మెషిన్ వైద్యం గురించి ఈమధ్య బాగా ప్రచారం చేస్తున్నారు. అది నొప్పి తగ్గించడానికి పనికొస్తుంది, వంకర తగ్గించదు. నొప్పి దానంతటదే పోయే జబ్బులో నొప్పి కోసం అన్ని డబ్బులు పెట్టాలా అనేది మీరే ఆలోచించుకోండి, నేనైతే పెట్టను.

గడ్డలోకే ఇచ్చే ఇంజెక్షన్లు వేరు. వెరాపమిల్ బీపీకి వాడే మందే, దాన్ని గడ్డలోకి రెండు వారాలకోసారి చొప్పున కొన్ని నెలలు ఇస్తారు, కొందరికి పెరగకుండా ఆగిద్ది, కొందరికి కొంత తగ్గిద్ది, కొందరికి ఏ తేడా ఉండదు. ఇంటర్‌ఫెరాన్ ఇంకోటి, అది వేశాక జ్వరం ఒళ్ళునొప్పులు వస్తాయి. కొలాజినేస్ అనేది మచ్చలోని కొలాజెన్‌ని కరిగించే ఎంజైమ్, అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2013 డిసెంబర్‌లో దీనికి అనుమతిచ్చింది, యూరప్‌లో మాత్రం కంపెనీ 2020లో అమ్మడం ఆపేసింది. స్థిరపడిన దశలో, వంకర ముప్పై డిగ్రీలకి పైన ఉన్నవాళ్ళకి ఇస్తారు. ఆ మందు మీద చేసిన పెద్ద పరీక్షలో అసలు మందు వేసినవాళ్ళకి వంకర సగటున 34 శాతం తగ్గింది, మందు లేని ఉత్తి ఇంజెక్షన్ వేసినవాళ్ళకి కూడా 18 శాతం తగ్గింది. రెండో అంకె మనసులో పెట్టుకోండి, ఎవరన్నా "మా మందు వాడాక మా బావమరిదికి తగ్గింది" అంటే నిజంగానే తగ్గుండొచ్చు, కానీ ఆ మందు వల్లే తగ్గిందని చెప్పలేం.

1743లో ఈ జబ్బు గురించి వివరంగా రాసిన ఫ్రెంచ్ సర్జన్ ఫ్రాన్స్వా జిగో ద లా పెరోనీ, పదిహేనో లూయీ రాజుగారి సర్జన్, ఆయన కూడా బారేజ్ అనే ఊరి వేడినీటి బుగ్గల నీళ్ళు వాడమని చెప్పాడు. అంత పెద్దాయనకే అప్పట్లో మందు దొరకలేదు, ఇప్పటికీ మింగితే వంకర పోయే మాత్ర ఒక్కటి కూడా లేదు.

సాగదీసే పరికరం

దీని గురించి మన దగ్గర తక్కువ మాట్లాడతారు గానీ ఓపికుంటే ఆలోచించదగ్గదే. ట్రాక్షన్ డివైజ్ అంటారు, అంగాన్ని మెల్లగా, స్థిరంగా సాగదీసి పట్టుకునే ఫ్రేమ్. పాత రకాలు రోజుకి మూడు గంటలకి పైన పెట్టుకోవాలి కాబట్టి ఉద్యోగం చేసేవాళ్ళకి కుదిరేది కాదు. అమెరికాలో మేయో క్లినిక్ నించి వచ్చిన కొత్త రకంతో రోజుకి అరగంట, గంటన్నర వాడినా పొడుగు, వంకర రెండింటిలోనూ కొంత మేలు కనపడిందని 2019లో ప్రచురించారు. మొదటి దశలో కూడా వాడొచ్చు. తగ్గేది కొన్ని డిగ్రీలే, కానీ పొడుగు తగ్గిపోకుండా కాపాడటం తక్కువ లాభమేం కాదు. ఆన్‌లైన్‌లో పెద్దదయ్యే పంపు అని దొరికేవన్నీ ఇదే అనుకుని కొనకండి, ఏది కొనాలో, ఎంత బిగించాలో యూరాలజిస్టుని అడిగే కొనండి, చర్మం నల్లబడినా తిమ్మిరెక్కినా వెంటనే తీసెయ్యండి.

ఆపరేషన్

వంకర వల్ల కలవడం వీలుకాకపోతే, స్థిరపడి కనీసం మూడు నెలలైతే, మొదలై దాదాపు ఏడాది దాటితే అప్పుడు ఆపరేషన్ మాట. కలవడం వీలవుతుంటే, ఇద్దరికీ ఇబ్బంది లేకపోతే ముప్పై డిగ్రీల వంకరకి ఆపరేషన్ అక్కర్లేదు, చాలామంది ఈ గుంపులోనే ఉంటారు, వాళ్ళకి ధైర్యం చెప్పడమే వైద్యం.

మూడు రకాలు. ప్లికేషన్‌లో మచ్చ జోలికి పోకుండా దానికి ఎదురు వైపు కుట్లు వేసి బిగిస్తారు, రెండు వైపులా సమానమై నిటారుగా వస్తది. గట్టిదనం బాగున్నవాళ్ళకి, వంకర అరవై డిగ్రీల లోపు ఉన్నవాళ్ళకి ఇదే మొదటి దారి, రిస్కు తక్కువ, కానీ పొడుగు కాస్త తగ్గిద్ది, చర్మం కింద కుట్ల ముడులు చేతికి తగలొచ్చు. గ్రాఫ్టింగ్‌లో మచ్చని కోసి ఆ ఖాళీలో కాలి రక్తనాళం ముక్కో వేరే కణజాలమో అతుకుతారు, వంకర మరీ ఎక్కువ ఉన్నా మధ్యలో సన్నబడి ఉన్నా ఇది చేస్తారు, పొడుగు తక్కువ నష్టపోతారు గానీ తర్వాత అంగం సరిగ్గా గట్టిపడకపోయే అవకాశం, చివర స్పర్శ తగ్గే అవకాశం ఎక్కువ, అనుభవం ఉన్న చేతులే చెయ్యాలి. మూడోది ఇంప్లాంట్, మాత్రలు వాడినా గట్టిపడనివాళ్ళకి ఇదే, వంకరా గట్టిదనం రెండూ ఒకేసారి తీరతాయి. గాలి కొట్టే రకంలాగా లోపల నీటితో నిండే ఖరీదైనవి ఉన్నాయి, చేత్తో వంచుకునే సాదా రకాలూ ఉన్నాయి, ముంబై ఆండ్రాలజిస్టు రూపిన్ షా తయారుచేసిన షా ఇంప్లాంట్ ఈ రెండో రకం, విదేశీ వాటికన్నా బాగా చవక.

ఒప్పుకునే ముందు డాక్టర్‌ని అడగండి, ఇట్టాంటి ఆపరేషన్లు మీరు మామూలుగా చేస్తుంటారా, నా పొడుగు ఎంత తగ్గొచ్చు, నాకు ఏ రకం, ఎందుకు, ఆ రకం కాకపోతే ఇంకేముంది. చాలాసార్లు ముందు తోలు తీసేసే సున్తీ కూడా దాంతో పాటే చేస్తారు, అది ముందే తెలుసుకోండి, లేచాక చూసుకుని కంగారుపడేవాళ్ళున్నారు. పూర్తిగా గీతలా వచ్చేస్తదని ఎవరూ మాటివ్వలేరు, ఇరవై డిగ్రీల లోపు మిగిలితే ఆపరేషన్ బాగా జరిగినట్టే లెక్క. తర్వాత ఆరు వారాలు కలవకూడదు, బస్తాలు ఎత్తే పనీ బండి మీద దూరప్రయాణాలూ ఎప్పటి నించి చెయ్యొచ్చో డిశ్చార్జి రోజే అడిగి రాసుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే అడ్మిట్ అయ్యే ముందే ఆ కౌంటర్‌లో మీ ఆపరేషన్ పేరు చెప్పి వర్తిస్తుందా లేదా అడగండి, అయ్యాక అడిగితే కుదరదు.

ఇంట్లో ఆవిడతో

ఈ జబ్బున్న మగాళ్ళలో దాదాపు సగం మంది డిప్రెషన్‌లోకి పోతారు. బయటకి కోపంలాగా కనిపిస్తది, పడుకునే గది మార్చేస్తారు, పొద్దుపోయేదాకా టీవీ ముందు కూర్చుంటారు, ఆవిడేమో నామీద ఇష్టం పోయిందనో బయట ఏదో నడుస్తుందనో అనుకుంటది. చెప్పెయ్యండి. "నాకు లోపల మచ్చ కట్టి వంగుతుంది, నొప్పిగా ఉంటుంది, ఇది అంటుకునేది కాదు, డాక్టరుకి చూపించుకుంటున్నా" అంటే సరిపోయిద్ది. కుదిరితే రెండోసారి డాక్టర్ దగ్గరకి ఇద్దరూ వెళ్ళండి, ఆవిడ అడిగే ప్రశ్నలు మనకి తట్టవు. ఎవరితోనూ చెప్పుకోలేకపోతుంటే, బతకాలని లేదనే ఆలోచన వస్తుంటే మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చెయ్యండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నొప్పి ఉన్న రోజుల్లో కలవడం పూర్తిగా మానక్కర్లేదు, ఒత్తిడి పడకుండా చూసుకోవాలి. పూర్తిగా గట్టిపడ్డాకే, తొందర లేకుండా, నీటితో చేసిన లూబ్రికెంట్ జెల్ వాడుతూ. ఆవిడ పైనుండే భంగిమలో బరువంతా వంపు మీద పడి మడతపడే ప్రమాదం ఎక్కువ కాబట్టి అది కొన్నాళ్ళు ఆపండి, పక్కకి తిరిగి పడుకుని కలవడం నయం. ఎప్పుడన్నా టక్కుమని శబ్దమొచ్చి, వెంటనే మెత్తబడిపోయి, వాచి, కమిలినట్టు నల్లబడితే అది లోపలి పొర చిరిగినట్టు. ఐస్ పెట్టుకుని తెల్లారేదాకా ఆగకండి, రాత్రికి రాత్రే ఎమర్జెన్సీకి వెళ్ళండి, త్వరగా కుట్టేస్తే చాలావరకు మామూలవుద్ది, ఆలస్యమైతే అదే మళ్ళీ వంకరకి దారి.

పిల్లలు పుట్టరేమోనని ముప్పైల్లో ఉన్నవాళ్ళు అడుగుతుంటారు. వీర్యం తయారయ్యేది వృషణాల్లో, ఈ మచ్చకీ దానికీ సంబంధం లేదు. కలవడం కుదరకపోవడం ఒక్కటే అడ్డమైతే, ఆ మాట కూడా యూరాలజిస్టుతో మొదటి రోజే చెప్పండి, ఏ వైద్యం ముందు ఏది తర్వాత అనేది దాన్ని బట్టి ఆయన ప్లాన్ చేస్తారు.